మట్టి ఇళ్లు గీసి కట్టే ఆర్టిస్టుగా బతకడం: న్యూ మెక్సికోలో పని ఎలా ఉంటుంది, ఏం నేర్చుకోవాలి

ప్రశ్న: శిల్పంలో బీఎఫ్ఏ చేశాను. మాది అనంతపురం. మూడేళ్లుగా అల్బుకర్కీలో ఉంటున్నాం. ఇక్కడి అడోబ్ ఇళ్లు, అంటే ఎండబెట్టిన మట్టి ఇటుకల ఇళ్లు చూస్తే మా అవ్వ వాళ్ల మట్టి మిద్దె గుర్తొస్తోంది. ఇలాంటి ఇళ్లు డిజైన్ చేసి, చేత్తో కట్టే ఆర్టిస్టుగా పని చెయ్యాలని ఉంది. రోజువారీ పని ఎలా ఉంటుంది? శిల్పం తెలిసినవాళ్లకి సులువేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

శిల్పం తెలియడం మేలే. కానీ అది అక్కరకొచ్చేది పని చివరి పదో వంతులో. మిగతా తొమ్మిది వంతులూ నీళ్ల లెక్క. వాన ఎక్కడ పడుతుంది, ఎటు జారుతుంది, ఎక్కడ ఇంకుతుంది, గోడలోకి పోయిన తడి ఎటునుంచి బయటికొస్తుంది అన్నది ముందు గీయాలి. ఆ గీతలో తప్పులుంటే ఎంత అందమైన గోడైనా అయిదారేళ్లలో అడుగున తినేస్తుంది.

ముందు ఇక్కడి సంప్రదాయం గురించి నాలుగు ముక్కలు. తావోస్ ప్యూబ్లో అనే ఆదివాసుల ఊరివాళ్లు స్పానిష్ వాళ్లు రాకముందే మట్టితో అంతస్తులు లేపారు. అప్పట్లో ఇటుకలు లేవు, మట్టి ముద్దల్ని వరసలుగా చేత్తో మెత్తి ఆరనిచ్చేవాళ్లు. చెక్క అచ్చుతో ఇటుక పోసే పద్ధతి స్పానిష్ వాళ్లతో వచ్చింది. పనుల పంపకంలో గోడ లేపడం మగవాళ్లది, పూత పూయడం, పొయ్యి కట్టడం ఆడవాళ్లది. ఆ ఆడవాళ్లని ఎన్‌హర్రదోరలు అంటారు. ఇప్పటికీ చేతిపనికి పేరున్నది ఈ రెండో భాగానికే. తావోస్‌లో పుట్టిన చిత్రకారిణి అనీతా రొడ్రిగెజ్ చాలా ఏళ్లు ఎన్‌హర్రదోరగా, కాంట్రాక్టర్‌గా ఈ పనితోనే బతికారు. అటువైపు విలియం లంప్కిన్స్ ఉన్నాడు. 1938లో మొదలైన ట్రాన్సెండెంటల్ పెయింటింగ్ గ్రూపులో సభ్యుడు, వాటర్ కలర్‌లో నైరూప్య చిత్రాలు వేసేవాడు, ఆర్కిటెక్టు కూడా. శాంటా ఫేలో ఆయన గీసిన ఒక సౌర గృహంలో దక్షిణాన రెండంతస్తుల గ్రీన్‌హౌసు, దానికీ గదులకీ మధ్య అడోబ్ గోడ. పగలు ఎండ తిన్న గోడ రాత్రి గదులకి వెచ్చదనం ఇస్తుంది. మీ దారి ఈ ఇద్దరి మధ్య ఎక్కడో ఉంటుంది. ఇల్లు మొత్తం గీసి కట్టడమా, లేక వేరేవాళ్లు కట్టిన గోడలకి పూతలు, పొయ్యిలు, గూళ్లు చెయ్యడమా అన్నది మొదట్లోనే తేల్చుకుంటే మంచిది. డబ్బు త్వరగా చేతికొచ్చేది రెండోదాంట్లో.

కాగితాల సంగతి. వీసా హెచ్4 అయి, పని అనుమతి లేకపోతే డబ్బు తీసుకుని ఏ పనీ చెయ్యకూడదు. "స్నేహితుల ఇంటికేగా" అన్నా అంతే. వర్క్‌షాపులో డబ్బు కట్టి నేర్చుకోవడం వేరు, అందులో ఇబ్బంది లేదు. అనుమతి ఉంటే, న్యూ మెక్సికోలో ఒక కుటుంబం ఉండే, రెండంతస్తులు దాటని ఇంటికి ఆర్కిటెక్టు ముద్ర తప్పనిసరి కాదు కాబట్టి మీరు నక్షా గీయొచ్చు. కానీ ఆర్కిటెక్టు అని కార్డు మీద వేసుకోకూడదు. ఇంకొకరి ఇల్లు కట్టాలంటే రాష్ట్ర కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీస్ డివిజన్ దగ్గర కాంట్రాక్టర్ లైసెన్సు ఉండాలి, లేదా లైసెన్సున్నవాళ్ల కింద పనిచెయ్యాలి. సొంతిల్లయితే యజమానికి విడిగా పర్మిట్ ఇస్తారు. మట్టి కట్టడాలకి ఈ రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది. ఇంగ్లిష్‌లో కొద్ది పేజీలే. మొదట చదవాల్సింది అదే. దాని ప్రకారం వెళ్తే మామూలు ఇంటికి ఇంజినీర్ చుట్టూ తిరిగే పని చాలావరకు తప్పుతుంది. గుమ్మటాలు, కమాను కప్పులు అంటే మాత్రం ఇంజినీర్ కావాలి. శిల్పం చదివినవాళ్లు అందరూ మొదటి ఇంటికే గుమ్మటం గీస్తారు. అబిక్యూ ఊళ్లో ఈజిప్టు ఆర్కిటెక్టు హసన్ ఫతీ నుబియా మేస్త్రీలతో చెయ్యించిన దార్ అల్ ఇస్లాం మసీదు చూసి రండి, బాగుంటుంది. మొదటి ఇంటికి మాత్రం చదును మిద్దెతో సరిపెట్టుకోండి.

మట్టి ఎంచుకోవడం

పైన అడుగు లోతు మట్టి తీసి పక్కన పెట్టండి. వేళ్లు, ఆకుల కుళ్లు ఉన్న మట్టి పనికిరాదు, తడిపితే వాసనతోనే తెలుస్తుంది. కిందిమట్టి మూడో వంతు దాకా ఒక గాజు సీసాలో వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగున కూర్చునేది ఇసుక. గంటా రెండు గంటల్లో దానిమీద చేరేది ఒండ్రు. మర్నాటికి పైన మెత్తగా తేరేది బంకమన్ను. స్కేలు పెట్టి కొలవండి. బంకమన్ను 15 నుంచి 30 శాతం మధ్య ఉంటే ఇటుకకి పనికొస్తుంది, 20కి దగ్గరుంటే హాయి. ఎక్కువైతే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది, ఇసుక కలపాలి. తక్కువైతే చేత్తో నలిపితే పొడి రాలుతుంది, వేరేచోటి బంకమన్ను తెచ్చి కలపాలి. సీసా కంటే నమ్మకమైనది నమూనా ఇటుక. ఇసుక పాళ్లు మారుస్తూ నాలుగు రకాలు, ఒక్కో రకం మూడేసి పోసి, పూర్తిగా ఆరాక నడుమెత్తు నుంచి మూల కిందికి వచ్చేట్టు వదలండి. మూల కొంచెం చితికినా పర్వాలేదు, రెండు ముక్కలవ్వకూడదు. కోడ్ అడిగేది చదరపు అంగుళానికి సగటున 300 పౌండ్ల నొక్కుడు బలం. ల్యాబ్‌లో పరీక్ష చెయ్యిస్తారు.

మీది అనంతపురం కాబట్టి ఒక మాట. అక్కడ మిద్దె మీద చవుడు పోస్తారు కదా. అందులోని ఉప్పు గుణం వల్ల తడవగానే బంకమన్ను విడిపోయి సందులన్నీ పూడుస్తుంది, అందుకే నీళ్లు దిగవు. అదే చవుడు గోడలో పెడితే చేటు. తడి ఆరినప్పుడల్లా ఉప్పు గోడ పైపొరలో గడ్డకట్టి, పొరలు పొరలుగా ఊడదీస్తుంది. ఇక్కడ రియో గ్రాండే పక్కన పల్లపు నేలల్లో తెల్లగా ఉప్పు పొంగే మట్టి కనిపిస్తుంది. ఎంత దగ్గర్లో ఉన్నా, ఎంత ఊరికే వచ్చినా దాన్ని గోడకి ముట్టుకోవద్దు.

ఇటుక

ఇక్కడి మామూలు కొలత 10 బై 14 బై 4 అంగుళాలు, బరువు 30 నుంచి 35 పౌండ్లు, మన లెక్కలో 14 నుంచి 16 కిలోలు. మట్టిని ముందురోజు సాయంత్రమే గుంటలో నానబెట్టాలి. బంకమన్ను గడ్డలు రాత్రంతా నానితేనే విడతాయి. పొద్దున నీళ్లు పోసి అప్పటికప్పుడు తొక్కితే లోపల బఠాణీగింజంత పొడి గడ్డలు మిగిలి, ఆరాక అక్కడే చీలుతుంది. గడ్డి బలానికని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు. ఇటుక లోపలా బయటా ఒకే తీరుగా ఆరేట్టు, పగుళ్లు ఒకచోట పెద్దవి కాకుండా చూడటమే దాని పని. పాళ్లు కుదిరిన మట్టికి గడ్డి లేకపోయినా నడుస్తుంది. ఇక్కడి బట్టీల్లేని ఇటుక యార్డుల్లో గడ్డి బదులు కొద్దిగా తారు ఎమల్షన్ కలిపినవి కూడా దొరుకుతాయి. వాన తట్టుకుంటాయి, పూత మాత్రం కొంచెం మొండికేస్తుంది.

అచ్చు తడిపి, మూలలు ముందు వేళ్లతో కూరి, తర్వాత మధ్య నింపి, పైన పలకతో గీసి, వెంటనే నిలువుగా ఎత్తెయ్యాలి. ఎత్తగానే పక్కలు కిందికి జారితే నీళ్లెక్కువ. అచ్చుకి అంటుకుని మూలలు చిరిగితే నీళ్లు తక్కువ, లేదా అచ్చు తడపలేదు. ఆ ముద్ద పాకం ఒకసారి చేతికి తెలిసిందంటే ఇక కొలతలక్కర్లేదు. గారెల పిండి కంటే కొంచెం గట్టిగా, పారతో చెక్కితే ఆ చెక్కు నిలిచేట్టు ఉండాలి. రెండు మూడు రోజులకి అంచు మీద నిలబెట్టి, అడుగున అంటిన గరుకంతా గీకెయ్యండి. తర్వాత గాలి ఆడేట్టు ఏటవాలుగా పేర్చి నాలుగు వారాలు. ఆరిందో లేదో పైన చూస్తే తెలియదు. ఒకటి విరిచి చూడండి, మధ్యలో ముదురు రంగు మచ్చ ఉంటే ఇంకా పచ్చి. జులై, ఆగస్టుల్లో సాయంత్రం ఉరుములతో వానలొస్తాయి. పట్టా పైభాగం మీదే కప్పండి, పక్కలు మూసేస్తే లోపల చెమర్చి అడుగు వరస మెత్తబడుతుంది.

లెక్క చూడండి. బయటి కొలత 40 బై 25 అడుగులు, ఎత్తు 9 అడుగులు అనుకుంటే చుట్టూ గోడ 1,170 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు పోగా సుమారు 1,000. గోడ మందం 14 అంగుళాలైతే అర అంగుళం సందుతో చదరపు అడుగుకి మూడు ఇటుకలు పడతాయి. అంటే 3,000 పైచిలుకు, విరిగేవి కలిపి 3,350 తెప్పించాలి. ఈ గోడల బరువు 45 టన్నుల పైనే. లోపలి గోడలు వేరే. ఇద్దరు అలవాటైనవాళ్లు రోజుకి 150 నుంచి 200 పోస్తారు, కాబట్టి ఇటుకలకే దాదాపు నెల. అందుకే చాలామంది ఆర్టిస్టులు ఇటుక యార్డు నుంచి కొంటారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. నేర్చుకోడానికి మాత్రం వంద ఇటుకలైనా మీ చేత్తో పోయాలి.

పునాది, గోడ

కాంక్రీటు గానీ రాయి గానీ పునాది గోడ నేల మీదికి కనీసం 8 అంగుళాలు రావాలి, 12 అయితే నిద్ర పడుతుంది. దానిమీద తడి ఎక్కకుండా పొర వేసి, అప్పుడు మట్టి ఇటుక మొదలు. మొదటి రెండు వరసలు తారు కలిపిన ఇటుకలతో వేస్తే లోపల ఎప్పుడైనా గొట్టం పగిలినా గోడ కూలదు. చాలామంది వాన గురించే భయపడతారు. మట్టి గోడలు పడిపోయిన సందర్భాల్లో బాత్రూం గొట్టం, ఇంటి పక్కన పూలమొక్కలకి పెట్టే డ్రిప్ నీళ్లు తక్కువేం కాదు. గోడకి మూడడుగుల లోపు మొక్కలు వద్దని నక్షాలోనే రాయండి.

సున్నమూ వద్దు, సిమెంటూ వద్దు, అదే మట్టిని పావు అంగుళం జల్లెడ పట్టి అడుసుగా వాడాలి. సిమెంటు అడుసు ఇటుక కంటే గట్టిది. గోడ కదిలినప్పుడు సందు పగలకుండా ఇటుక పగులుతుంది. సందు మీద సందు రాకుండా కనీసం 4 అంగుళాలు దాటించాలి. రోజుకి అయిదారు వరసలకి మించి లేపొద్దు. కింది అడుసు ఆరకముందే బరువు పడితే అది పక్కలకి పొంగి, గోడ పొట్ట వేస్తుంది. రసమట్టం ప్రతి ఇటుకకీ అక్కర్లేదు, వరసకోసారి చాలు. తూకం గుండు మాత్రం మూలల దగ్గర ప్రతి మూడు వరసలకీ వదలాలి. శిల్పులు ఇక్కడే జారిపోతారు. "మట్టి గోడేగా, కొంచెం వంకరుంటేనే అందం" అని వదిలేస్తారు. వంపు పూతలో తెచ్చుకోవాలి. గోడ మాత్రం నిలువుగా ఉండాలి.

తలుపు చట్రాలు బిగించడానికి ఇటుక కొలతలోనే చెక్క దిమ్మలు గోడలో కూర్చోబెడతారు. ఇక్కడి మేస్త్రీలు వాటిని గ్రింగో బ్లాకులంటారు. తలుపుకి ఒక్కో పక్క మూడు. మర్చిపోతే తర్వాత మట్టిలో మేకు నిలవదు, చట్రం ఊగుతూనే ఉంటుంది. కరెంటు తీగలు ఎక్కడెక్కడో కూడా గోడ లేచేలోపే గీసి ఉండాలి. పైన గోడల చుట్టూ బాండ్ బీమ్, కాంక్రీటయితే 6 అంగుళాల ఎత్తు, లోపల ఇనుము. కప్పు బరువు ఒకచోట గుచ్చుకోకుండా అన్ని గోడలకీ పంచేది అదే. గోడ ఎత్తు మందానికి పది రెట్లు దాటకూడదన్నది ఇక్కడి నియమం. 10 అంగుళాల గోడని తొమ్మిదడుగులు లేపాలని ఎవరైనా అడిగితే ఎందుకు కుదరదో ఆ లెక్కే చెప్పండి.

మిద్దె

మీ అవ్వగారి మిద్దెకీ దీనికీ దగ్గర చుట్టరికం. దూలాల బదులు వీగాలు, అంటే బెరడు తీసిన గుండ్రటి దుంగలు. దంతెల బదులు లతీయాలు, అంటే వాటికి అడ్డంగా, ఏటవాలుగా పేర్చే సన్నటి కర్రలు. ఆపైన పాతరోజుల్లో మట్టి. అడుగు మందం మట్టి అంటే చదరపు అడుగుకి 100 పౌండ్లు. ఇప్పుడెవరూ అంత వెయ్యరు, ఇన్సులేషన్ పలకలు, వాటర్‌ప్రూఫ్ షీటు వేస్తారు.

నీళ్ల లెక్క ఇక్కడే. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు, అంటే 2,350 లీటర్లు. నాలుగు తూములుంటే ఒక్కోదాంట్లోంచి దాదాపు 590 లీటర్లు గోడ పక్కనే దూకుతాయి. మిద్దె వాలు అడుగుకి కనీసం పావు అంగుళం ఉండాలి. కనాలే అనే ఆ తూము గోడ నుంచి 18 అంగుళాలైనా బయటికి రావాలి, రెండడుగులైతే మేలు. కింద నీళ్లు చిందకుండా రాళ్లు పరచాలి. తూము పిట్టగోడని దాటే చోట లోహపు రేకు మడత పక్కాగా లేకపోతే, నీళ్లు తూములోంచి కాక తూము కిందినుంచి గోడలోకి పోతాయి. బయటినుంచి చూస్తే తూము కింద గోడ మీద ముదురు నాలుకలా ఒక తడి మరక కనిపిస్తుంది. అది కనిపించాక ఆగకూడదు. వారం తిరక్కుండా తూము విప్పి చూడాలి. ఉత్తరం వైపు తూము పెట్టొద్దు. చలికాలంలో మంచు అక్కడ కరగదు, తూము మూసుకుపోయి, కరిగిన నీళ్లు పిట్టగోడ మీదుగా వెనక్కి పోతాయి.

పూత

మీకు ఇష్టమయ్యే భాగం ఇదే, జాగ్రత్తగా వినండి. మట్టి గోడకి బయట సిమెంటు పూయొద్దు. రాంచోస్ దే తావోస్‌లో సాన్ ఫ్రాన్సిస్కో దే అసీస్ చర్చి ఉంది, జార్జియా ఓకీఫ్ బొమ్మల్లో కనిపించే బరువైన వెనకగోడల చర్చి. ఏటా మట్టి పూయడం కష్టమని 1967లో దానికి గట్టి సిమెంటు పూత వేశారు. సన్నటి పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేక, లోపల ఇటుకలు బురదగా మారసాగాయి. 1979లో ఆ పూతంతా ఊడబీకి మళ్లీ మట్టికే వచ్చారు. ఇప్పటికీ ఏటా వేసవి మొదట్లో ఊరివాళ్లంతా కలిసి మెత్తుతారు. మీరు వెళ్లి చెయ్యి కలపాల్సిన మొదటి చోటు అది. పాతరోజుల సిమెంటు పూతలు తీసేసి మట్టి పూయడమే ఇప్పుడు చాలామందికి బతుకుదెరువు.

మొదటి పూతకి ఒక వంతు బంకమట్టి, రెండు నుంచి మూడు వంతుల ఇసుక, రెండు అంగుళాల ముక్కలుగా కొట్టిన గడ్డి. గోడ మీద నీళ్లు చిలకరించి, మెరుపు పోయేదాకా ఆగి, అరచేతి అడుగుభాగంతో నొక్కుతూ ముప్పావు అంగుళం మందం. పొడి గోడ మీద పూస్తే గోడ ఆ నీళ్లు గుంజేసి, పూత డొల్లవుతుంది. వేలి కణుపుతో తట్టితే డప్పులా మోగుతుంది. అలా మోగిన చోట గీకి మళ్లీ పూయడం తప్ప దారి లేదు. ఈ పూత పగిలినా కంగారు పడొద్దు, పగుళ్లు తర్వాతి పూతకి పట్టు.

చివరి పూత ఎనిమిదో వంతు అంగుళం, కిటికీ జాలీ అంత సన్నటి జల్లెడ పట్టిన మట్టి, నాజూకు ఇసుక. లోపలి గోడ ముట్టుకుంటే చేతికి అంటకుండా మైదా గంజి కలుపుతారు. ఒక వంతు మైదా రెండు వంతుల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు వంతుల మరిగే నీళ్లలో పోసి, చిక్కబడేదాకా తిప్పాలి. మట్టి కలిపే నీళ్లలో పదో వంతుతో మొదలుపెట్టి చూడండి. గంజి ఎక్కువైతే గోడ నిగనిగలాడుతుంది కానీ ఆరేటప్పుడు పెచ్చులూడుతుంది. కలిపినది రెండు రోజులు నిలవుంటే పులుస్తుంది, గోడ మీద బూజు. ఆ పైన అలీస్, అంటే మైకా కలిపిన పలచటి రంగుమట్టి పూత. గొర్రెతోలు ముక్కతో రుద్దుతారు. సగం ఆరాక తడి స్పాంజితో తుడిస్తే మైకా రేకులు పైకి తేలి, కిటికీ వెలుగులో మిణుకుమంటాయి. మన అలుకుడుకీ ఈ అలీస్‌కీ మాటలో చుట్టరికం లేదు, పనిలో ఉంది. పేడ మాత్రం ఇక్కడ వాడితే ఇల్లుగలవాళ్లు ఒప్పుకోరు.

ఒకే గది గోడని ఒకే రోజు, ఆపకుండా పూర్తి చెయ్యండి. మధ్యాహ్నం భోజనానికి ఆగిన చోట గీత జన్మలో పోదు. ఆగక తప్పకపోతే మూల దగ్గర ఆగాలి.

పొయ్యి, గూడు, తిన్నె

ఇక్కడ శిల్పం చేతికొస్తుంది. గది మూలలో కట్టే పావు గుండ్రటి పొయ్యిని ఫోగోన్ అంటారు. కట్టెలు నిలబెట్టి కాలుస్తారు. రూపం ఎలాగైనా మలుచుకోండి, రెండు అంకెలు మాత్రం కదపొద్దు. పొగగొట్టం వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో పదో వంతుకి తగ్గకూడదు. నోరు 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, పైకి సన్నబడే వంపు అనుకుంటే వైశాల్యం సుమారు 480 చదరపు అంగుళాలు. దానికి 8 అంగుళాల గుండ్రటి గొట్టం, అంటే 50 చదరపు అంగుళాలు, అంచుకి అంచు సరిపోతుంది. అందం కోసం నోరు ఇంకో నాలుగు అంగుళాలు పెంచారా, మొదటి చలిరాత్రే ఇల్లంతా పొగ. రెండోది, లోతు తక్కువుండాలి, 15 అంగుళాల చుట్టుపక్కల. లోతెక్కువైతే వేడి గదిలోకి రాదు.

గూడుని స్పానిష్‌లో నీచో అంటారు. తెలుగు చెవికి ఏదోలా ఉన్నా, మన దీపపు గూడే. 14 అంగుళాల గోడలో 5 అంగుళాలకి మించి తవ్వొద్దు. కిటికీ మూలకి రెండడుగుల లోపల, వీగా కూర్చున్న చోటుకి సూటిగా కింద అసలే వద్దు. బాంకో మన తిన్నె. 16 అంగుళాల ఎత్తు, ముందు అంచు గుండ్రంగా. కూర్చున్నప్పుడు మడమలు తగిలేచోట పూత రాలుతుంది కాబట్టి అడుగున మూడు అంగుళాలు లోపలికి వంపు తీయండి.

ఏడాది ఎలా గడుస్తుంది

అల్బుకర్కీలో మట్టిపని సీజను మే నుంచి సెప్టెంబరు. తావోస్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు, అక్కడ ఇంకా పొట్టి. పచ్చిగా ఉన్న ఇటుక గానీ పూత గానీ ఒక్క రాత్రి గడ్డకట్టిందంటే పొద్దున పిండిలా రాలుతుంది. అక్టోబరు నుంచి లోపలి పూతలు, పొయ్యిలు. డిసెంబరు నుంచి మార్చి దాకా నక్షాలు, మట్టితో చిన్న నమూనాలు, పర్మిట్ కాగితాలు. పెయింటింగో, శిల్పమో ఈ నాలుగు నెలల్లోనే. చేతిలో డబ్బు ఆడేది వేసవిలో, ఖర్చయ్యేది చలికాలంలో.

ఇల్లు కట్టించుకునేవాళ్ల సంగతి. మట్టి చవక, కూలి కాదు. కాబట్టి అసలు అడోబ్ ఇల్లు ఇప్పుడు చెక్క చట్రం ఇంటి కంటే ఎక్కువ పడుతుంది. ఒకప్పుడు లేనివాళ్ల ఇల్లు, ఇప్పుడు ఉన్నవాళ్ల సరదా. శాంటా ఫేలో 1957 నుంచి పాత బస్తీలో ఇళ్లన్నీ ఒక తీరులో ఉండాలని నియమం ఉంది కాబట్టి, చెక్క చట్రానికి గోధుమరంగు స్టకో, అంటే సిమెంటు పూత పూసి అడోబ్‌లా కనిపించేవే ఊరంతా. మీకొచ్చే పిలుపుల్లో సగం వాటినుంచే. వాటి లోపలి గోడలకి మట్టిపూత పూయొచ్చు, బాగానే నిలుస్తుంది. జిప్సం బోర్డు మీద ముందు ఇసుక కలిపిన జిగురు పూత వెయ్యాలి, అంతే. బేరం కుదిరేముందు రెండడుగుల పలక మీద నమూనా పూసి ఇచ్చి, సంతకం పెట్టించుకోండి. తడి మట్టి ఆరితే రంగు సగానికి సగం తేలిపోతుంది. "నేననుకున్న రంగు ఇది కాదు" అన్న గొడవే ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ. ఏడాదికోసారి తూములు, పిట్టగోడలు చూసి అతుకులు వేసే పనికి వేరే ధర అని ఒప్పందంలోనే రాయండి.

ఒంటి సంగతి కూడా. రోజుకి 300 ఇటుకలు ఎత్తితే 10,000 పౌండ్లు. ఇటుకని ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, నడుము తిప్పకుండా పాదాలు తిప్పడం మొదటిరోజే అలవాటు చేసుకోండి. పొడిమట్టి జల్లించేటప్పుడు మాస్కు తప్పనిసరి, అందులోని సిలికా ఊపిరితిత్తులకి మంచిది కాదు. సాయంత్రం చేతులకి నూనె రాయకపోతే వారంలో వేళ్లు నెర్రెలిస్తాయి.

రేపు అనంతపురంలో ఇదే పని చేద్దామనుకుంటే ఒక తేడా గుర్తుంచుకోండి. అల్బుకర్కీలో ఏడాదికి పడేది 9 అంగుళాల వాన. అనంతపురంలో దానికి రెండింతల పైనే, హైదరాబాద్‌లో మూడింతలు, కోస్తాలో ఇంకా ఎక్కువ, పైగా తుపాన్లు. ఇక్కడి పిట్టగోడల చదును మిద్దెని కాకినాడలో దించితే రెండు వానాకాలాలు నిలవదు. అక్కడ చూరు మూడడుగులు బయటికి రావాలి, పునాది గోడ రెండడుగులుండాలి.

నేర్చుకోవడానికి శాంటా ఫేలోని అడోబ్ ఇన్ యాక్షన్ సంస్థ ఆన్‌లైన్ పాఠాలు చెబుతుంది, మట్టి నుంచి కప్పు దాకా ఒక్కో అంశం ఒక్కో కోర్సు. కార్నర్‌స్టోన్స్ కమ్యూనిటీ పార్ట్‌నర్‌షిప్స్ పాత చర్చిల మరమ్మతుల్లో వలంటీర్లని చేర్చుకుంటుంది. పాడైన గోడని విప్పి చూడటంలో నేర్చుకునేంత కొత్త గోడ కట్టడంలో నేర్చుకోరు. తావోస్‌లో నికొలాయ్ ఫెషిన్ ఇల్లు, ఇప్పుడది తావోస్ ఆర్ట్ మ్యూజియం, ఒకపూట చూడండి. 1927లో అక్కడ చేరిన ఆ రష్యన్ చిత్రకారుడు తలుపులు, కిటికీలు, స్తంభాలు తన చేత్తోనే చెక్కాడు. మట్టి గోడకి చెక్క ఎక్కడ ఎలా ఆనుతుందో అక్కడ దగ్గరగా కనబడుతుంది.

ఈ వారాంతంలో పెరట్లో అడుగు లోతు తవ్వి, సీసా పరీక్ష పెట్టండి. పొరల కొలతలు, నమూనా ఇటుకలు ఆరాక వాటి పగుళ్ల ఫొటోలు ఇక్కడే కింద పెడితే, ఇసుక ఎంత కలపాలో చెబుతాను. ఫొటోలో పక్కన ఒక నాణెం పెట్టడం మర్చిపోవద్దు, పగులు వెడల్పు తెలియాలి.